తెల్ల చుక్క

"ఆ మిషిన్‌లో ఏమేమి ఉండాదో ఒక పేపర్లో రాసియ్యి ప్రియా. పది లైన్లు చాలు. ఆదివారం చావడిలో పెట్టేటప్పుడు పక్కన అతికిస్తాము. నువ్వు సుమ్మానే కదా ఉండావు."

మా ఆయన రామ్‌కుమార్ ఆ మాట అన్నప్పుడు నా కుడి చెయ్యి గ్రైండర్‌లో తిరుగుతున్న పిండిని పక్కల నుంచి లోపలికి తోస్తోంది. ఎడమ చెయ్యి పొంగబోతున్న పాలగిన్నెను దించుతోంది. లోపల గదిలోంచి మా అత్తగారు పొన్నమ్మాళ్ వేణ్ణీళ్ళు కాగాయా అని మూడోసారి అడుగుతున్నారు. అదంతా చూస్తూనే అన్నాడు మహానుభావుడు. అబద్ధమాడాడని కూడా అనలేను, ఆయన కంటికి నేను నిజంగానే సుమ్మా ఉన్నాను. సుమ్మా అంటే ఊరికే. మా రాజపాళయం తెలుగులో "ఊరికే" అనే మాట ఎప్పుడో రాలిపోయింది, అరవం మాట మిగిలింది. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఇంట్లో నా ఉద్యోగం పేరు అదే. ఎవరైనా "మీ ఇంటావిడ ఏమి చేస్తారు" అంటే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించడు. "సుమ్మా ఇంట్లోనే ఉండాది."

మిషిన్ అంటే టైప్‌రైటర్. ఆఫీసుల్లో ఉండే రుబ్బురోలు లాంటిది కాదు, చిన్నది, పోర్టబుల్. లేత నీలం రంగు, పైన గట్టి మూత, మూతకు పిడి. ఎప్పుడో ఒక మిల్లు మేనేజరు ఊరు వదిలి వెళుతూ మా మామగారికి ఇచ్చి పోయాడట. మా మామగారు ఆర్. లక్ష్మణన్‌ను ఈ చుట్టుపక్కల అందరూ "మను తాత" అంటారు. మను అంటే అర్జీ. తళవాయిపురానికి పొద్దుటి బస్సు కావాలన్నా, సత్రపట్టిలో వీధి దీపం వెలగకపోయినా, ముసలమ్మకు పింఛను ఆగిపోయినా మా ఇంటి అరుగు మీదికే వచ్చేవాళ్ళు. సోమవారం కలెక్టరాఫీసులో మనులు తీసుకుంటారు కాబట్టి ఆదివారం మా ఇల్లు తిరునాళ్ళే. "తమిళంలో రాస్తే క్లర్కు చదువుతాడు, ఇంగ్లీషులో రాస్తే కలెక్టర్ చదువుతాడు" అని మామగారి సిద్ధాంతం. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు మా వాళ్ళ చావడిలో ఆయన ఫోటో పెట్టి, దాని కింద అద్దాల పెట్టెలో ఈ మిషిన్ పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి చావడి పెద్ద రామలింగ మామ దగ్గర ఉంటుంది. ఇదంతా మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని తీర్మానించుకున్నారు.

"నాకు దాంతో పని ఉండాదే" అన్నాను.

"ఇంక ఏమి పని? అంతా కంప్యూటర్ అయిపోయినది. నాయన పేరు నిలవాలా వద్దా?"

నాయన పేరు నిలవాలి. సరే. నాయన ఆ మిషిన్ మీద ఒక్క అక్షరమైనా కొట్టింది ఈ ఇంట్లో ఎవరైనా చూశారా అని అడగాలనిపించింది. పాలు పొంగాయి. స్టవ్ తుడుచుకున్నాను.

ఆయన ఆఫీసుకు వెళ్ళాక మిషిన్‌ను అరుగు మీదికి తెచ్చి మూత తీశాను. పది లైన్లు రాయాలంటే ముందు తుడవాలి కదా. పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో అక్షరాల మధ్య మసి తీశాను. ఎక్కువగా పూడుకుపోయేది ఎప్పుడూ చిన్న e, చిన్న a, చిన్న o. పిన్నీసు మొనతో ఒక్కొక్క దాని కడుపులోంచి నల్లటి ముద్ద లాగాను. పుట్టిన పిల్లకు ముక్కు శుభ్రం చేసినంత మెల్లగా చేశాను, నాకు తెలియకుండానే.

తర్వాత కాగితం ఎక్కించి రాయడం మొదలుపెట్టాను. ఒకటి: ఈ మిషిన్‌లో ఒకటి అంకె లేదు, చిన్న ఎల్ అక్షరాన్నే ఒకటిగా కొట్టాలి. రెండు: ఎడమ పక్కన చిన్న తాళం ఉంది, అది వేస్తే పైన కదిలే బండి ఆగిపోతుంది, ప్రయాణంలో వేసుకోవాలి, కొట్టేముందు తీయాలి. మూడు: కీలు ఎంత బరువుగా దిగాలో తిప్పుకునే చక్రం లోపల ఉంది. మూడు కార్బన్లు పెడితే బరువు పెంచాలి, ఒంట్లో బాగా లేనప్పుడు తగ్గించుకోవచ్చు. ఆ చివరి మాట తీసేద్దామా అనుకుని ఉంచేశాను. నెల నెలా మూడు రోజులు నేను ఆ చక్రాన్ని ఒక మెట్టు కిందికి తిప్పేదాన్ని. ఈ ఇంట్లో నా ఒంటి సంగతి తెలిసి తగ్గినది అదొక్కటే.

నాలుగు: గంట. లైను అయిపోవడానికి ఏడు అక్షరాల ముందు మోగుతుంది. బండిని జరిపి చూశాను, మోగలేదు. మిషిన్ పక్కకు వంచి చూస్తే గంట గిన్నెలో చిన్న గుడ్డముక్క కుక్కి ఉంది. సత్రపట్టి బ్యాండేజీ గుడ్డ. చూడగానే నవ్వొచ్చింది. అది కుక్కింది నేనే! పెళ్ళయిన కొత్తల్లో ఆ గంట మోగినప్పుడల్లా అత్తగారు లోపల్నుంచి పిలిచేవారు. టైపిస్టుకు గంట మోగితే లైను అయిపోవస్తోందని అర్థం, మా అత్తగారికి మాత్రం కోడలు కూర్చుని ఉందని అర్థం. "కూర్చొని చేసే పనీ ఒక పనామ్మా? వచ్చి ఆ కందులు చూడు." అందుకని గంట నోరు మూసేశాను. ఇరవై ఏళ్ళ పైన ఆ గుడ్డ అలాగే ఉంది. పిన్నీసుతో లాగి పారేసి బండి జరిపాను. టింగుమంది.

"ఎవరది?" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

నన్ను పెళ్ళిచూపులకు చూడ్డానికి వచ్చినప్పుడు ఈ ఇంటివాళ్ళు పాట పాడతావా అని అడగలేదు, వంట వచ్చా అని కూడా అడగలేదు. "టైపు లోయరా, హయ్యరా?" అని మామగారు అడిగారు. మా ఊళ్ళో పదో తరగతి దాటిన ప్రతి ఆడపిల్లా టైప్ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతుంది, ఇప్పటికీ. నేను ఇంగ్లీషు హయ్యర్ ఫస్టు క్లాసు. ఆ మాట చెప్పగానే ఆయన మొహం వెలిగింది. నేనూ వెలిగిపోయాను, పిచ్చిదాన్ని. నా చదువును మెచ్చుకున్నారనుకున్నాను.

మాకు నేర్పింది వేదవల్లి టీచర్. వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పింది. ఉత్తరం అంతా కొట్టాక ఎడమ పక్క కింద గుర్తు పెట్టకపోతే ఆ పేజీకి సున్నా వేసేది. చెప్పి రాయించినవాళ్ళ పేరు పెద్దక్షరాల్లో, ఒక గీత, తర్వాత టైపు కొట్టినవాళ్ళ పేరు చిన్నక్షరాల్లో. "రేపు తప్పు ఎవరిదని అడిగితే తెలియాల గదే! చెప్పినోళ్ళది పెద్దక్షరం, కొట్టినోళ్ళది చిన్నక్షరం" అనేది. ఆ వేళ్ళ అలవాటుతోనే మామగారి మొదటి మను కింద RL/jp అని కొట్టాను. లక్ష్మణన్ గారికి RL. నాకు jp, జయప్రియలోంచి రెండక్షరాలు. ఇనిషియల్ పెట్టుకోలేదు. మా ఊళ్ళో ఆడదానికి ఇనిషియల్ సొంతం కాదు, పెళ్ళికి ముందు నాన్నది, తర్వాత మొగుడిది. పేరొక్కటే మారకుండా ఉంటుంది.

మామగారు కళ్ళద్దాలు పైకి తోసి, "ఇదేమిమ్మా కింద?" అన్నారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు, పెద్దగా నవ్వారు. "ఇది కంపెనీ లెటరా? మను ఇచ్చేది ఒకరే ఉండాల. ఇంకొకరి పేరు తగిలిస్తే మనుకు బలం పోతుంది. తీసేసి మళ్ళీ కొట్టు." పేజీ మొత్తం మళ్ళీ కొట్టాను. కొట్టాక, వేళ్ళు ఊరుకోలేదు. రిబ్బన్ పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, దానికి మూడు చుక్కలు. నల్ల చుక్క మీద పెడితే నల్లగా, ఎర్ర చుక్క మీద పెడితే ఎర్రగా పడుతుంది. తెల్ల చుక్క మీద పెడితే రిబ్బన్ కిందికి దిగిపోతుంది, అక్షరం వచ్చి కాగితాన్ని తాకుతుంది కానీ రంగు అంటదు. సైక్లోస్టైల్ స్టెన్సిల్ కోయడానికి పెట్టిన ఏర్పాటు అది. నేను మీటను తెల్ల చుక్క మీదికి తోసి, ఎడమ పక్క కింద RL/jp కొట్టాను. కాగితం మీద ఏమీ కనబడలేదు. నా మనసు కుదుటపడింది.

కాగితాలు విడదీసేటప్పుడు గుండె ఆగింది. కింద కార్బన్ కాపీలో ఆ అక్షరాలు నల్లగా, స్పష్టంగా పడి ఉన్నాయి. పడవా మరి, కార్బన్‌కు కావలసింది దెబ్బే కదా! ఆ రాత్రంతా భయపడ్డాను. తర్వాత తెలిసింది భయపడనక్కర్లేదని. పైకాగితం కలెక్టరాఫీసుకు పోతుంది, కార్బన్ కాపీ ఫైల్లోకి, ఫైలు అటక మీదికి. కాపీని ఎవరూ చూడరు. అప్పట్నుంచి ప్రతి మనుకూ అలాగే చేశాను. అది నా దొంగతనం. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉంటుంది, కొందరు పోపుడబ్బాలో చిల్లర దాచుకుంటారు.

పదకొండేళ్ళు ఆయన చెప్పారు, నేను కొట్టాను. రెండువేల తొమ్మిదిలో మామగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మనుషులు మాత్రం రావడం మానలేదు. అరుగు మీద మంచంలో ఆయన, పక్కన స్టూలు మీద మిషిన్, నేను. వచ్చినవాళ్ళు తమ గోడు ఆయన వైపు తిరిగి చెప్పేవాళ్ళు, నేను అడిగేదాన్ని, రాసేదాన్ని. ఆయన చాలాసార్లు నిద్రపోతుండేవారు. "నాయన కన్నుతోనే చెప్తాడు, ప్రియా సుమ్మా టైపు కొట్టేస్తుంది" అని మా ఆయన ఊరంతా చెప్పుకొచ్చాడు. ఊరు నమ్మింది. పన్నెండేళ్ళు! మను ఎవరికి రాయాలి, ఏ చట్టం కింద అడగాలి, ఎక్కడ బతిమాలాలి, ఎక్కడ గట్టిగా అడగాలి, అన్నీ నేనే నేర్చుకున్నాను. వంట అయ్యాక, అత్తగారికి కాళ్ళు పట్టాక, మామగారికి పక్కబట్టలు మార్చాక. సంతకం చోట ఆయన ఎడమ బొటనవేలు ముద్ర. కింద కనిపించని అక్షరాలు మాత్రం అప్పుడు మార్చాను. JP/jp. చెప్పింది నేనే, కొట్టింది నేనే. వేదవల్లి టీచర్ రూలు రూలే.

ఒకసారి ఆయన ఎడమ చేత్తో ఫైలు తిరగేస్తూ ఆ అక్షరాల దగ్గర ఆగారు. చాలాసేపు చూశారు. నా వైపు చూశారు. తర్వాత ఫైలు మూసేశారు. మాట ఉండి ఉంటే ఏమనేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

పది లైన్ల కాగితంతో అరుగు మీద ఇలా కూర్చుని ఉండగానే సత్రపట్టి నుంచి తంగమ్మాళ్ వచ్చింది. బ్యాండేజీ తరిలో, అంటే మగ్గం మీద, నేసే మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్దది, తెలుగుదే. మెట్టు మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది. "తాయీ, ఒక మను కొట్టియ్యాల. రేషన్ కడ తొమ్మిదికి తెరిచి ఒంటిగంటకు మూస్తాడు. మేము తరి దిగేది రెండింటికి. నెలకు ఒక దినం పని పోగొట్టుకొని నిలబడతాము. వారానికి ఒక సాయంత్రం తెరవమని అడగాల."

"కంప్యూటర్ సెంటర్‌లో అడగలేదా?"

"అడిగినాను. వాడి దగ్గర ఒకే మను ఉండాది తాయీ. పేరు మార్చి అందరికీ అదే ఇస్తాడు. నా గోడు అందులో లేదు. నువ్వైతే అడిగి అడిగి రాస్తావు."

అప్పుడే భోజనానికి వచ్చిన మా ఆయన చెప్పులు విప్పుతూ, "ఇంక మను గిను లేదు అక్కా. మిషిన్ ఆదివారం చావడికి పోతుంది, అద్దంలో పెట్టేస్తాము" అన్నాడు. తంగమ్మాళ్ నా మొహంలోకి చూసింది. నేను మిషిన్ వైపు చూశాను. ఇది పోతే నేను ఇంక నిజంగానే సుమ్మా అయిపోతాను అన్న మాట అప్పుడే, ఆ అరుగు మీదే, నాకు తట్టింది.

"ఆదివారం చావడికి రా తంగమక్కా, చూద్దాము" అన్నాను. ఏమి చూద్దామో నాకు తెలియదు.

భోజనమయ్యాక ఆయన అటక మీది ఫైళ్ళు దించాడు. ఎనిమిది కార్బన్ కాపీలు ఏరి, ప్లాస్టిక్ కవర్లు అతికించుకొచ్చి గర్వంగా చూపించాడు. "చూడు, కింద నాయన ఇనిషియల్ కూడా ఉండాది." నేను చూశాను. మొదటి మూడింటి మీద RL/jp. మిగతా ఐదింటి మీద JP/jp. "ఇవి ఏమి?" అన్నాను. "ఏదో ఆఫీసు నంబరు" అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. దానికి బదులు అరుగు మీదికి పోయి పది లైన్ల కాగితంలో ఆరో లైనుగా రంగుల మీట గురించి కొట్టాను. నల్ల చుక్క, ఎర్ర చుక్క. ఏడో లైను కొట్టేముందు మాత్రం చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత కొట్టాను: తెల్ల చుక్క మీద పెట్టి కొడితే పైకాగితం మీద ఏమీ కనబడదు, కింద కార్బన్ కాపీలో మాత్రం పడుతుంది. అంతే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఒక్కటి ఎక్కువా లేదు. కాగితం ఆయన చేతికిచ్చాను. "సరి" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు, చదవలేదు. చదివి ఉంటే ఏమయ్యేదో కానీ, ఆయన చదవడని నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలియదా!

ఆదివారం చావడి నిండా కుర్చీలు. గోడకు పెద్ద ఫ్లెక్సు, మామగారి నవ్వు మొహం, కింద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం: "పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మేము నీళ్ళు తాగము." ఆయన రాసిన మనులన్నిటిలో పేరు మోసిన వాక్యం అట. సత్రపట్టి తరి షెడ్డులో ఆడవాళ్ళకు కక్కూసు లేదని పదకొండేళ్ళ కింద ఇచ్చిన మను అది. ఆ మాట చదివే కలెక్టరు షెడ్డుకు మనిషిని పంపించింది, రెండు నెలల్లో కట్టించారు. అప్పటికి మామగారికి మాట పోయి ఐదేళ్ళు.

రామలింగ మామ మైకు పట్టుకున్నాడు. "మగవాడై పుట్టి ఆడవాళ్ళ కష్టం ఇంత లోతుగా తెలుసుకున్న మనిషి ఇంకొకడు ఉండాడా? ఆడది కూడా ఇట్ల రాయలేదు!" చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, ఏమి చేస్తాను, చేతులు వాటంతట అవే లేచాయి. మొహం మాత్రం మండిపోయింది.

అద్దాల పెట్టె ఇరుకు, మిషిన్ మూత అందులో పట్టలేదు. ఆ మూతను ముందు వరసలో కూర్చున్న మా అత్తగారి ఒళ్ళో పెట్టారు. ఎనభై ఏళ్ళ మనిషి, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నారు. టైప్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పది పన్నెండు మంది ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళకు చూపించాలని మా ఆయన మిషిన్ మీద కాగితం పెట్టి కీ నొక్కాడు. బండి కదలలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. "పాతది కదా, పట్టేసినట్టుండాది."

"సార్, బండికి తాళం ఉండాది. రెండో లైన్లో రాసినారే" అంది ఒక పిల్ల. పేరు చిత్ర. వచ్చే నెల హయ్యర్ రాయబోతోంది. అతికించిన కాగితాన్ని ఆ చావడిలో పైనుంచి కిందిదాకా చదివింది ఆ పిల్ల ఒక్కతే. తాళం తీసింది. చదువుతూ పోయింది, ఏడో లైను దగ్గర పెదాలు ఆగాయి. తల తిప్పి గోడకు వేలాడుతున్న కాపీల వైపు చూసింది. ఒక్కొక్కదాని దగ్గరకూ వెళ్ళి వంగి, ఎడమ పక్క కింద చూసింది.

"సార్, ఈ మూడు లక్ష్మణన్ తాత చెప్పినవి. ఈ ఐదూ ఆయన చెప్పినవి కాదు."

"ఏమ్మా?"

"కింద ఉండాదే సార్. మాకు క్లాసులో చెప్పినారు. పెద్దక్షరం చెప్పినోళ్ళది, చిన్నది కొట్టినోళ్ళది. ఇందులో రెండూ ఒకరే. jp." ఆ పిల్ల నీళ్ళ వాక్యం ఉన్న కాపీ మీద వేలు పెట్టింది. "ఇది కూడా. jp అంటే యారు సార్?"

అందరికీ వినబడింది. రామలింగ మామ మైకు దించాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వంటింట్లోకి పో అని చెప్పే చూపు. ఇరవై ఏడేళ్ళు ఆ చూపుకు లేచి వెళ్ళాను. ఆ రోజు కూడా లేచాను. కాళ్ళు మాత్రం ముందుకు వెళ్ళాయి.

"నేను" అన్నాను. "జయప్రియ."

"ఆమె సుమ్మా టైపు కొట్టినది" అన్నాడు మా ఆయన గబగబా, నవ్వుతూ. "నాయన కన్నుతో చెప్పేవాడు, ఈమె కొట్టేది. అంతే."

"మామ కన్ను మూసుకొని నిద్రపోయేవారండి. ఆ నీళ్ళ మను కొట్టిన దినం నూటొకటి జ్వరం ఆయనకు. మీరు మందు తేడానికి పోయినారు."

అప్పుడు వెనక వరసలోంచి తంగమ్మాళ్ లేచి నిలబడింది.

"సరి తాయీ, మను నువ్వు రాసినావు. ఆ నీళ్ళ మాట మాత్రం నేను గదా చెప్పినాను? నువ్వు షెడ్డులో ఎట్ల ఉంటారు అంటివి. నేను, ఆరు నుంచి రెండు దాకా నీళ్ళే తాగము అంటిని. నీకు గుర్తు లేదా?"

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెంప మీద కొట్టినట్టయింది. గుర్తులేకేం, బాగా గుర్తుంది. మెట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి, మంచంలోని ముసలాయన వినకుండా ఆ మాట చెప్పింది. చెప్పి సిగ్గుపడింది. నేను ఇంగ్లీషులోకి తిప్పాను, అంతే. కింద JP/jp అని కొట్టుకున్నాను. నా రెండక్షరాలు ఎవరూ చూడలేదని ఇన్నేళ్ళు కుమిలిపోయిన దాన్ని, ఆ మనిషి పేరు నేను పెట్టాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. మామగారు నన్ను మింగారు, నేను తంగమ్మాళ్‌ను మింగాను.

"గుర్తుండాది అక్కా. తప్పు నాది."

పెట్టె దగ్గరకు వెళ్ళాను. తాళం ఇంకా వెయ్యలేదు. బండికి ప్రయాణం తాళం వేసి, రెండు చేతులతో మిషిన్‌ను బయటికి తీశాను.

"ఏయ్, ఏమి చేస్తావు? ఫోటో తీయాల ఇంక!" మా ఆయన గొంతు పైకి లేచింది. "నాయన వస్తువు అది!"

"మీ నాయన ఫోటో ఉండాదండి, దానికి దండ వెయ్యండి. నాకు తంగమక్క మను కొట్టాల. రేపు సోమవారం."

మూత లేకుండా దాన్ని పట్టుకోవడం కష్టం, వేళ్ళకు అంచులు కోసుకుంటున్నాయి. ముందు వరస దాటుతుంటే అత్తగారు నా చీర పట్టుకుని ఆపారు. అయిపోయింది, నలుగురిలో తిడతారు అనుకున్నాను. ఆమె ఒళ్ళోని మూత పైకెత్తి మిషిన్ మీద పెట్టారు. రెండు పక్కలా బిగించే కొక్కేలు వెతికి, ఒక్కొక్కటే నొక్కారు.

"ఇది లేకుండ ఎట్ల ఎత్తుకొని పోతావు?" అన్నారు. నన్ను చూడను కూడా లేదు.

పిడి పట్టుకుని బయటికి వచ్చాను. పది లైన్లలో ఎక్కడా రాయలేదు కానీ, ఈ రకం మిషిన్‌ను చేసిందే ఒక మనిషి ఒంటి చేత్తో ఎత్తుకుపోవడానికి. నేనే ఇన్నాళ్ళు దాన్ని ఒక స్టూలు మీద పెట్టి ఉంచాను.

మా అరుగు మీద తంగమ్మాళ్‌ను మెట్టు మీద కాకుండా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోనంది. కూర్చోబెట్టాను. అడిగాను, ఆమె చెప్పింది. రేషన్ కడ ముందు నిలబడిన రోజు తరి యజమాని ఏమంటాడో, చక్కెర అయిపోయిందని వెనక్కి పంపితే మళ్ళీ ఎవరిని పంపుతుందో, అన్నీ. గంట టింగు టింగుమని మోగింది, లోపల్నుంచి ఎవరూ పిలవలేదు. సగం పేజీ అయ్యేసరికి మా ఆయన వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను తల ఎత్తకుండానే, "ఆకలైతే పిండి ఉండాది, దోసె పోసుకోండి" అన్నాను. కాసేపటికి వంటింట్లో పెనం చప్పుడైంది. ఎన్ని దోసెలు మాడ్చాడో నేను లేచి చూడలేదు.

చివరి లైను అయ్యాక నా వేలు అలవాటు ప్రకారం మీటను తెల్ల చుక్క మీదికి తోసింది. ఆగి, మళ్ళీ నల్ల చుక్క మీదికి తెచ్చాను. ఎడమ పక్క కింద కొట్టాను: TA/jp.

కాగితం తీసి ఇచ్చాను. తంగమ్మాళ్‌కు చదువు రాదు, కానీ కింద నల్లగా ఉన్న ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇది ఏమి తాయీ?"

"చిన్నది నేను. పెద్దది నువ్వు."

"అంత పెద్దగానా?" కాగితాన్ని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చూసింది, దూరం పెట్టి చూసింది. "కలెక్టర్‌కు కనబడుతుందే!"

"కనబడనీ అక్కా."